దయ్యానికి ఇకామా

"భాయ్, ఇంతకీ ఆ దయ్యానికి చిన్నప్పుడు ఏమైంది?"

పన్నెండు రోజులుగా ఇదే ప్రశ్న. నిర్మాతగారు హైదరాబాద్‌లో ఆరింటికి లేచి, వాకింగ్ చేస్తూ ఫోన్ కొడతారు. అక్కడ ఆరంటే ఇక్కడ మదీనాలో మూడున్నర. ఆ వేళలో నా చిన్నప్పుడు ఏమైందో కూడా నాకు గుర్తుండదు, దయ్యం సంగతి దేవుడెరుగు.

జనం గుండెల్లో పెట్టుకున్న ఒక హారర్ సినిమాకి ప్రీక్వెల్ రాయాలి. ఆ సినిమా పేరు బయట పెట్టకూడదని కాగితం రాయించుకున్నారు. అడ్వాన్సు కాగితం మాత్రం ఇంకా టైపవుతూనే ఉంది. ఇంతమంది రచయితలుండగా నన్నే ఎందుకు పట్టుకున్నారంటే, నాది బనగానపల్లె. మా ఊరి బయటి నవాబు బంగళాలో తీసిన 'అరుంధతి' 2009లో వచ్చింది. అంతే, కట్టించిన నవాబు పేరు ఎగిరిపోయి అది అరుంధతి కోట అయి కూర్చుంది. యాగంటికి పోయేవాళ్లంతా అక్కడ ఆగి ఫోటోలు దిగుతారు. "ఆ ఊరివాడివి, నీకు తెలియని దయ్యమా భాయ్" అంటారు నిర్మాతగారు. ఆ లెక్కన మామిడిపళ్ల మీద డాక్టరేటు కూడా నాకే ఇవ్వాలి. ఇచ్చినా తినలేను, షుగరు.

ఇక్కడ నా ఉద్యోగం ఒక హోటల్లో దుప్పట్లు, తువ్వాళ్లు లెక్కపెట్టడం. ఇకామా అనే నివాస కార్డులో మాత్రం 'ఆమిల్' అని ఉంది, అంటే కూలీ. దాన్ని మార్పించుకోవాలని కొన్నేళ్లు తిరిగి, కాళ్లు నొప్పి పుట్టి ఊరుకున్నాను. గల్ఫ్‌లో మనిషి ఎవరని అడిగితే కార్డు చూపించాలి: పుట్టిన తేదీ, దేశం, వృత్తి, పూచీ పడ్డ కఫీల్ ఎవరు. ప్రీక్వెల్ అంటే దయ్యానికి ఇకామా తీయడమే. ఇన్నాళ్లూ ఏ కాగితం లేకుండా అర్ధరాత్రి అటక మీద దర్జాగా తిరిగిన దాన్ని కౌంటరు ముందు నిలబెట్టి, "తండ్రి పేరేమిటి, ఎవడు మోసం చేశాడు, ఏ తారీఖున చచ్చావు" అని అడగాలి. అన్నీ చెప్పించాక అది దయ్యం కాదు, మనలాంటిదే ఇంకొకటి.

మన సినిమాల్లో ఈ పని ఇంటర్వెల్ తర్వాత ఇరవై నిమిషాల్లో అయిపోయేది. దాన్నే ఫ్లాష్‌బ్యాక్ అన్నారు. 'అరుంధతి'లో జేజమ్మ కథంతా అందులోనే ఉంది. ఇంకా వెనక్కి పోతే జేజమ్మకి జేజి దగ్గర తేలతాం. అయినా మనవాళ్లకి ఆశ చావదు. 1993లో మలయాళంలో 'మణిచిత్రతాళు' అని ఒక గది తాళం తీశారు. అది 'చంద్రముఖి' అయింది, 'నాగవల్లి' అయింది, 2023లో 'చంద్రముఖి 2' అయింది. ఆ తలుపు ఇవాళ్టికీ మూసినవాడు లేడు, గాలికి టపటపా కొట్టుకుంటూనే ఉంది.

ఈ గోతిలో నాకన్నా ముందు పడ్డవాడు ఎరిక్ హైసరర్. జాన్ కార్పెంటర్ 1982లో 'ది థింగ్' తీశాడు. అంటార్కిటికాలో కాలిపోయిన నార్వే వాళ్ల శిబిరం. అక్కడ తలుపులో దిగబడిన గొడ్డలి, గొంతు కోసుకుని కుర్చీలోనే గడ్డకట్టిన మనిషి, రెండు మొహాలు కలిసిపోయిన శవం, లోపల ఖాళీగా ఉన్న మంచుదిమ్మ. ఎవరు, ఎందుకు అన్నది సినిమా చెప్పదు, అందుకే మనకి వణుకు. 2011లో హైసరర్‌ని కూర్చోబెట్టి అవన్నీ ఎలా జరిగాయో రాయమన్నారు. పోస్టుమార్టం చేసినట్టు చేశాడు పాపం. గొడ్డలి ఎందుకుందో రాశాడు, కుర్చీలో మనిషి సంగతి తేల్చాడు, మొదటి సినిమాలో పరిగెత్తే కుక్క దగ్గరికి తెచ్చి కథ అప్పజెప్పాడు. ఒక్క లెక్క తప్పలేదు. సినిమాకి పేరు కూడా మళ్లీ 'ది థింగ్' అనే పెట్టారు. డబ్బులే రాలేదు. తర్వాత ఆయనే 'అరైవల్' రాసి ఆస్కార్ నామినేషన్ దాకా పోయాడనుకోండి. నాకు అంత ఓపికా లేదు, అంత ఇంగ్లీషూ రాదు.

లెక్క తప్పకపోతే ఏం పోతుందో నాకు వాదీ జిన్‌లో తెలిసింది. కథ కొంచెం పక్కదారి పడుతుంది, పడనీండి.

మదీనా నుంచి ముప్పై, నలభై కిలోమీటర్లు పోతే ఆ లోయ. అసలు పేరు వాదీ బైదా. అక్కడ కారు న్యూట్రల్‌లో పెట్టి వదిలేస్తే ఎగువకి తనంతట తనే పరిగెడుతుంది, జిన్నులు తోస్తాయని పేరు. ఉమ్రాకి వచ్చిన చుట్టాలందరికీ జియారత్ తర్వాత ఖర్జూరాల బజారు, ఆ తర్వాత వాదీ జిన్. జీతం లేని గైడు నేను. మొన్న నంద్యాల నుంచి మా ఖాలా వచ్చింది. యాంబూలో మేస్త్రీ పని చేసే ఆమె అల్లుడు కారు తెచ్చాడు. న్యూట్రల్‌లో పెట్టాడు. కారు కదిలింది. ఇరవై, నలభై, అరవై. ఖాలా కళ్లు మూసుకుని ఆయతుల్ కుర్సీ చదువుతోంది, ఒక చేత్తో నా మోచెయ్యి, ఇంకో చేత్తో జంజం క్యాను. ఆగాక దిగి, రోడ్డు మీద నీళ్లు ఒంపించింది. నీళ్లు ఎగువకే పారాయి. "చూశావా" అంది, ఆ జిన్నాతులు ఆమెకి పుట్టింటి తరఫువాళ్లయినట్టు.

అల్లుడు ఊరుకుంటాడా! డిక్కీ తీసి రసమట్టం బయటికి లాగాడు. కారు ముందుకి చూసినట్టే తారు మీద పెట్టి వంగి చూశాడు. బుడగ వెనక కొసకి జరిగి ఆగింది. "అత్తా, ముందు పల్లముంది. చుట్టూ కొండల వాలు చూసి మన కళ్లు మోసపోతున్నాయి, అంతే" అన్నాడు. నిజమే, లేహ్ దగ్గర మాగ్నెటిక్ హిల్‌దీ ఇదే మాయ. ఖాలా ఆ బుడగ వంక చాలాసేపు చూసింది. ముక్కు చీదింది. "నంద్యాల పోయి నేను జిన్నాతులనే చెప్తా" అంది. కారెక్కాక తగ్గు గొంతుతో అంది: "ఇంకొకసారి పోదాం రా. ఆ గొట్టం తీయకుండా."

పోయాం. కారు మళ్లీ అరవై దాటింది. ఆమె కళ్లు మూసుకోలేదు.

ఇప్పుడు నిర్మాతగారు నన్ను రసమట్టం పెట్టమంటున్నారు. చేతకాక కాదు. నాలుగు రాత్రుల్లో పెడతాను.

నేనూ రసమట్టం పెట్టనిది ఒకటుంది. మా అబ్బ 2017లో పోయాడు. సెలవు దొరికి నేను చేరేసరికి మూడో రోజు. ఆయన ట్రంకుపెట్టెలో కర్నూలు ఫోటో స్టూడియో రసీదు ఒకటి దొరికింది. 1974. అడ్వాన్సు 5 రూపాయలు, బాకీ 3. "ముగ్గురు" అని రాసి ఉంది. ఫోటో లేదు, తెచ్చుకున్నట్టు లేడు. అమ్మతో నిఖా ఆ తర్వాత నాలుగేళ్లకి. అమ్మని అడిగితే "నాకేం తెలుసు, నాకు ముందుది" అంది. ఆ ముగ్గురూ ఎవరో నేను పది నిమిషాల్లో అల్లగలను, అదే నా పని. రసీదు నా పర్సులో ఇకామా వెనకే ఉంది. ఇంతవరకు అల్లలేదు.

ఇవాళ మూడున్నరకి ప్రశ్న మారింది. "భాయ్, ఆ దయ్యానికి ఒక చెల్లెలుంటే?"

"ఉంటే దానికీ ఇకామా తీయాలి సార్, ఫీజు వేరే" అన్నాను.

అవతల కాసేపు మాట లేదు. నడక ఆపి రాసుకుంటున్నట్టున్నారు.