‘తొందరేం లేదండి’: టీకా తాత్పర్య సహితం

మూలం

“గుడ్ మార్నింగ్ అండి. మొన్న పంపిన కొటేషన్ చూశారాండి? చెరువు ఎలా ఉంది? మీ వీలు చూసుకుని ఒక్క మాట చెప్పండి. తొందరేం లేదండి.” (చివర జోడించిన చేతుల బొమ్మ.)

అవతారిక

ఏలూరులో ఏరియేటర్లు (చెరువు నీళ్లకు గాలి పట్టించే యంత్రాలు) అమ్మే దుకాణం నుంచి కైకలూరు వైపు చెరువు రైతుకు వాట్సాప్‌లో వెళ్లే సందేశమిది. వక్త సేల్స్ కుర్రాడు. శ్రోత వనామీ రొయ్య వేసిన రైతు. వీరి తొలి పరిచయం ఫేస్‌బుక్‌లో. దుకాణం పెట్టిన వీడియో కింద రైతు ‘రేటెంత?’ అని అడిగాడు. ‘ఇన్‌బాక్స్ చేశామండి’ అని జవాబొచ్చింది. రేటు నలుగురిలో చెప్పకపోవడం ఈ వాఙ్మయంలో స్థిరపడిన సంప్రదాయం. చెబితే పక్క దుకాణంవాళ్లు ఇంకాస్త తగ్గించి చెబుతారన్నది పైకి చెప్పే హేతువు. చెప్పేస్తే ఫోన్ నంబరు చేతికి రాదన్నది అసలు హేతువు. నంబరొచ్చింది, కొటేషన్ వెళ్లింది, నీలి టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. ఆ విరహంలో పుట్టిందీ సందేశం.

అన్వయం

క్రియను ముందు పట్టుకుని, ఎవరు, ఏమిటి, ఎప్పుడు అని ప్రశ్నలు వేస్తూ మిగతా పదాలను రాబట్టేది ఖండాన్వయం. ఆ పద్ధతిలో బయల్దేరిన వ్యాఖ్యాతకు మొదటి అడుగులోనే చిక్కు. ఇక్కడ ప్రధాన క్రియ ‘కొనండి’. అది మూలంలో ఎక్కడా లేదు. అధ్యాహారం చేసుకోవాలి. ఉన్న క్రియలన్నీ దాన్ని దాచడానికి వచ్చినవే.

ప్రతిపదార్థం

గుడ్ మార్నింగ్ = నా పేరు మీ ఫోనులో పైకి రావడానికి; అండి = గోదావరి నేల మీద విడిచిపెడితే వాక్యం నిలబడని పదం, అర్థం వెతకరాదు; మొన్న = నిన్నటికి ముందు రోజు మొదలు పదిహేను రోజుల వెనకదాకా ఏ రోజైనా; చూశారాండి = చూశారని తెలుసు. వాట్సాప్‌లో నీలి టిక్కులు 2014 నవంబరులో వచ్చాయి. అప్పటినుంచి ఈ ప్రశ్న సందేహార్థకం కాదు, మర్యాదగా వేసే నింద. టిక్కులను ఆపేసుకున్న రైతు విషయంలో మాత్రం ఇది నిజంగా ప్రశ్నే. వీలు చూసుకుని = ఈవేళే; తొందరేం లేదండి = నెలాఖరు టార్గెట్ ఉంది.

చెరువు ఎలా ఉంది = సందేశానికి ప్రాణం ఇక్కడుంది. ‘ఇంట్లో అందరూ బావున్నారా’ అన్నదానికి ఇది ఆక్వా పాఠం అని కొందరు పొరబడతారు. కాదు. చెరువులో నాచు, సూక్ష్మ మొక్కలు పగలు ఎండకు ప్రాణవాయువును నీళ్లలోకి వదులుతాయి. పొద్దుగూకాక ఆ పని ఆగుతుంది. రొయ్యలూ, ఆ మొక్కలూ, అడుగున కుళ్లే మేతా కలిసి ఉన్నదాన్ని వాడేస్తాయి. అందుకే తెల్లవారుజామున డీఓ (నీళ్లలో కరిగిన ప్రాణవాయువు) అట్టడుక్కి వెళుతుంది. మబ్బు పట్టిన రోజు పగలే తక్కువ తయారవుతుంది కాబట్టి ఆ రాత్రి మరీ ప్రమాదం. రొయ్యలు తేలాయేమోనని టార్చిలైటుతో గట్టు మీద తిరిగిన రైతుకు ఆరింటికి ‘చెరువు ఎలా ఉంది’ అని వస్తే, ఆ కుర్రాడికి ఏరియేటరంటే ఏమిటో తెలుసన్నమాట. ఇదే మాట మధ్యాహ్నం రెండింటికి పంపినవాడు కేవలం పలకరించినట్టు. మబ్బేసిన సాయంత్రం పంపినవాడు ఈ విద్యలో పండినవాడు.

తాత్పర్యం

కొంటారా, కొనరా?

విశేషాలు

ఇదే సందేశాన్ని పేరు మార్చకుండా నూరుమందికి పంపడం బ్రాడ్‌కాస్ట్ శాఖవారి మతం. అందులో ఒక సూక్ష్మముంది: పంపినవారి నంబరును తన ఫోనులో దాచుకున్నవారికే బ్రాడ్‌కాస్ట్ చేరుతుంది. అంటే ఇది ముఖపరిచయం ఉన్నవారికే పనికొచ్చే సాధనం. కొత్తవారిని పట్టాలని దీన్ని చేపట్టినవారికి నిశ్శబ్దమే ఫలం. రైతుల గ్రూపుల్లో నంబర్లు ఏరుకుని విడివిడిగా పంపితే చేరుతుంది గానీ, నలుగురు బ్లాక్ చేసి రిపోర్ట్ కొడితే ఖాతాకే ముప్పు.

కొల్లేటి ప్రాంతంలో ఒక ప్రశ్న నిషిద్ధం. ఐదో కాంటూరు (ఐదడుగుల ఎత్తు గీత) లోపలి కొల్లేరును ప్రభుత్వం 1999లో అభయారణ్యంగా ప్రకటించింది. 2006లో లోపలి చెరువుల గట్లు కొట్టేశారు. ఏరియేటర్లు ఎన్ని కావాలో లెక్కగట్టాలన్న ఉత్సాహంతో ‘చెరువు కాంటూరు లోపలాండి, బయటాండి?’ అని కొత్త కుర్రాడు రాతపూర్వకంగా అడుగుతాడు. ఆ తర్వాత ఆ రైతుకు ఏ సందేశమూ చేరదు.

పాఠాంతరాలు

తాడేపల్లిగూడెం ఉల్లి పాఠంలో ‘తొందరేం లేదండి’ కనిపించదు. కర్నూలు, మహారాష్ట్రల నుంచి వచ్చిన సరుకుకు రేటు పూటపూటకూ మారుతుంది. ‘ఈ రోజు రేటు’ స్టేటస్‌లో పెడతారు. అది 24 గంటల్లో దానంతటదే పోతుంది, సరుకు అంతకుముందే పోతుంది. మళ్లీ అడగడానికి వ్యవధానమే లేదు. ఏలూరు తివాచీ పాఠం దీనికి పూర్తిగా విరుద్ధం. ఉన్ని తివాచీ మగ్గం మీద ముడి ముడిగా పెరిగేది, ఎక్కువగా పరదేశం వెళ్లేది. సగం నేసిన ఫొటో, ముప్పావు నేసిన ఫొటో పంపడమే అక్కడ పలకరింపు. తివాచీ పాఠమే ఉత్తమమని ఈ వ్యాఖ్యాత అభిప్రాయం. చూపడానికి వస్తువుంది గనక అడగవలసిన పని లేదు.

ప్రత్యుత్తరం

“ఆయ్, చూద్దామండి.”

టీక: దీనికి ‘వద్దు’ అని అర్థం చెప్పడం నగరవాసుల వ్యాఖ్య. అది సగమే సరి. ఈ ప్రాంతంలో మేతా మందులూ చాలావరకు అరువు మీదే నడుస్తాయి. పట్టుబడి (పంట తీయడం) అయ్యాక బాకీలు తీరుతాయి. వనామీ పంటకు మూడు నాలుగు నెలలు, చేపకు ఏడాది దాకా. కాబట్టి ‘చూద్దాం’లోని కాలం క్యాలెండరుది కాదు, చెరువుది. రొయ్య ఎన్ని రోజులదో, ఏ కౌంటుకు (కిలోకు ఎన్ని తూగే సైజుకు) వచ్చిందో కనుక్కుంటే మళ్లీ ఎప్పుడు పలకరించాలో తెలుస్తుంది. దీన్ని గ్రహించనివాడు వారంవారం ‘చూశారాండి’ పంపి మూడోసారికి బ్లాకవుతాడు. గ్రహించినవాడు కౌంటు రాసుకుని ఊరుకుంటాడు. ఒక మబ్బు సాయంత్రం బైకు మీద గట్టు దగ్గరికే వెళ్లి, నీళ్ల రంగు చూసి, షెడ్డులో కూర్చుని మాట్లాడతాడు. బేరం కుదురుతుంది. వాట్సాప్ బిజినెస్‌లో రైతు పేరు మీదున్న ‘కొత్త కస్టమర్’ లేబుల్ తీసేసి ‘పేమెంట్ పెండింగ్’ అని పెడతారు. అది పట్టుబడి దాకా ఉంటుంది.