యాభై ఒకటో జాకెట్టు

2022 నవంబరులో కేజీఎఫ్ పేరు కోర్టుకెక్కింది. గనుల గొడవేమో అనుకునేరు, పాటల గొడవ. ‘కేజీఎఫ్ చాప్టర్ 2’ సంగీతాన్ని భారత్ జోడో యాత్ర వీడియోల్లో వాడుకున్నారని ఎంఆర్‌టీ మ్యూజిక్ ఫిర్యాదు చేస్తే, కాంగ్రెస్ ట్విట్టర్ ఖాతానే ఆపేయమంది బెంగళూరు కోర్టు. మర్నాడే ఆ వీడియోలు తీసేయాలన్న షరతు మీద హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. రెండు రోజుల్లో రెండు ఉత్తర్వులు!

ఇప్పుడు అసలు కేజీఎఫ్‌కి, అదే కోలారు బంగారు గనుల ఊరికి రండి. రాబర్ట్‌సన్‌పేటలో మగ్గం వర్కు చేసే అక్క ట్రేసింగ్ పేపరు మీద నెమలిని గీస్తుంది. గీత వెంబడే సూదితో చిల్లులు పొడిచి, కిరసనాయిల్లో కలిపిన పొడి రుద్ది గుడ్డ మీదకి దించుతుంది. ఆపైన ఆరీ సూది, జరీ, చమ్కీలు, కుందన్లు, నడుం నొప్పి. పెళ్లికూతురు ఆ జాకెట్టు తొడుక్కుని పీటల మీద కూర్చునేసరికి ఫొటో బంగారుపేట చేరుతుంది. రిసెప్షన్ నాటికి కంప్యూటర్ ఎంబ్రాయిడరీ వాడి పెన్‌డ్రైవులో ఫైలైపోతుంది. చివరికి అక్క దగ్గరికే ఒకావిడ వచ్చి, ఫోన్లో అక్క నెమలినే చూపించి, “ఇట్లాదే కుట్టిస్తావా అక్కా? కోలారులో సగం రేటుకే ఇస్తా ఉండారు” అంటుంది.

నెమలి మీద హక్కేమిటని అడిగే పెద్దమనుషులున్నారు. నెమలి అందరిదీ బాబూ. ఆ మెడ మలుపు, పింఛంలో కుందను కూర్చిన చోటు మాత్రం ఆమెవి.

చట్టం లేదా? ఉంది. 1957 కాపీరైటు చట్టం 15వ సెక్షన్. డిజైనుగా రిజిస్టరు చేయించదగ్గదాన్ని చేయించకుండా, సొంతదారో ఆమె అనుమతి పొందినవారో పారిశ్రామిక పద్ధతిలో యాభైకి మించి తయారుచేస్తే కాపీరైటు హుళక్కి. లెక్క చూశారుగా, సొంతదారుదే. దొంగ ఐదు వేలు కుట్టుకున్నా ఆ లెక్కలోకి రాడు. కనుక అక్కా, యాభై దగ్గర ఆగిపో. యాభై ఒకటో గిరాకీ వస్తే దండం పెట్టి పక్క షాపుకి పంపు. అక్కడా నీ నెమలే ఉంటుంది.

పోనీ, 2000 నాటి డిజైన్ల చట్టం కింద రిజిస్టరు చేయిస్తే పదేళ్లు, పొడిగిస్తే ఇంకో ఐదేళ్లు హక్కు. కాకపోతే దరఖాస్తుకు ముందు ఆ డిజైను లోకం కంట పడకూడదు. డిజైన్ల విభాగమేమో కోల్‌కతాలో ఉంది. కాబట్టి పురోహితులు ఇకమీదట తారాబలం, చంద్రబలంతో పాటు దరఖాస్తు నంబరూ చూసి ముహూర్తం పెట్టాలి. అది వచ్చేదాకా పెళ్లికూతురు శాలువా కప్పుకునే తలంబ్రాలు పోస్తుంది.

అన్నీ చేశాక కూడా కాపీ కొడితే? ఒక్కో ఉల్లంఘనకు పాతిక వేలు, ఒక డిజైనుకు మొత్తం కలిపి యాభై వేలకు మించకుండా రాబట్టుకోవచ్చు. నష్టపరిహారం కోరే దారి వేరే ఉంది. దేనికైనా జిల్లా కోర్టుకు తక్కువ కాని చోట దావా వేయాలి. అక్క కోలారు బస్సెక్కి వెళ్తే, లాయరు గారు కాగితాలన్నీ చూసి, ఫీజు ఖాయం చేసి, “ఆ నెమలి ఫొటో వాట్సాప్‌లో పెట్టమ్మా, కేసుకి కావాలి. మా ఇంట్లో కూడా చూపిస్తా, వచ్చే నెల మా మరదలి పెళ్లి” అంటారు.