నడక దూరం

‘చార్మినార్ పక్కనే మా హోటల్. అన్నీ నడక దూరమే!’ అని ప్రకటన. నిజమే, ఆ రద్దీలో ఆటో ఎక్కినా చివరికి దిగి నడవాల్సిందే.

‘చారిత్రక దృశ్యం’ కనిపించే గదికి వెయ్యి అదనం. కిటికీ తీస్తే కరెంటు తీగల చిక్కుముడి, దాని సందులోంచి ఒక మినార్ కొస. 1591లో కులీ కుతుబ్‌షా కట్టించినవి నాలుగు. మిగతా మూడూ చూడాలంటే ఇంకో మూడు గదులు తీసుకోవాలి కాబోలు!

కింద లాడ్ బజార్‌లో లక్క గాజుల తళుకులు, పొగలు కక్కే ఇరానీ చాయ్, అందులో ముంచిన ఉస్మానియా బిస్కెట్. అతిథిగారు మాత్రం మంచం దిగకుండా ఫోన్లోనే బర్గర్ తెప్పించుకున్నారు.

పాతబస్తీ అంతా చూసింది డెలివరీ కుర్రాడే. ఆలస్యమైందని అతనికి దక్కింది ఒక్క స్టార్!