చచ్చినవాడిదే తప్పు

తెల్లదొరల ఏలుబడిలో గనుల్లో తనిఖీలే ఉండేవి కావని కొందరు గిట్టనివాళ్లు ప్రచారం చేస్తుంటారు. శుద్ధ అబద్ధం. కోలారు బంగారు గనుల్లో తనిఖీకి ఏ లోటూ రాలేదు. పలుగురాయి పొరల్లో దాగిన బంగారం కూలీ గోచీలోకి మారి గేటు దాటకుండా, గనిలోంచి పైకొచ్చినవాడి ఒళ్లంతా తడిమి చూసేవారు. ఆ తడమడంలో ఎంత శ్రద్ధ! ఎంత ఓపిక! లోపలి మోకునీ, నిచ్చెననీ, నెత్తిమీది రాతినీ కూడా అంత ఆపేక్షగా తడిమి ఉంటే 1897లో అక్కడ ఒక్క ప్రమాదంలో 52 మంది పోయేవారు కాదేమో. కానీ దొరవారికి ఉన్నవి రెండే చేతులు, రెండూ బంగారం వెతుకుతూ తీరికలేకుండా ఉన్నాయి.

ప్రభుత్వానికీ శ్రద్ధ లేదనకండి. 1890ల నడుమ దేశం మొత్తానికీ ఒక గనుల ఇన్‌స్పెక్టరును పెట్టింది. అక్షరాలా ఒక్కణ్ణి. జేమ్స్ గ్రండీ ఆయన పేరు. భూగర్భ సర్వే శాఖ పంచన కూర్చోబెట్టి, గనులన్నీ చూసి రమ్మన్నారు. 1895లో ఒక కమిటీ కూడా వేశారు. గనుల్లో భద్రతకు నియమాలేమిటి, ఆడవాళ్లనూ పిల్లలనూ లోపలికి దించవచ్చా, రోజుకు ఎన్ని గంటలు పని చేయించవచ్చు అని తేల్చమన్నారు. గని లోపలికి పసిపిల్లను దించవచ్చా అన్నది కమిటీ వేసి తేల్చాల్సినంత జటిల సమస్య అన్నమాట!

కమిటీ ఆలోచిస్తూ ఉంది. 1897లో కోలారులో 52 మంది, అదే ఏడు బెలూచిస్తాన్‌లోని ఖోస్త్ బొగ్గు గనిలో 47 మంది ప్రాణాలిచ్చి ఆ ఆలోచనకు ఊపు తెచ్చారు. మొత్తం 99. ఇంకొక్కడు పోయి ఉంటే నూరు నిండేది. ఆ ఒక్కటీ తక్కువైనందుకే కాబోలు చట్టం రావడానికి మరో నాలుగేళ్లు పట్టింది. 1901 మార్చి 22న భారత గనుల చట్టం పుట్టింది. 1902 జనవరి 7న కలకత్తాలో తనిఖీ కార్యాలయం తెరుచుకుంది. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు అని మనవాళ్లు అంటారుగానీ, ఇక్కడ ఆరు నెలల మాట ఎక్కడిది?

ఇంతకీ చట్టం ఎవరికి? బ్రిటిష్ ఇండియాకు. కోలారు ఎక్కడుంది? మైసూరు సంస్థానంలో. అంటే ఏ 52 మంది చావు చట్టాన్ని తొందరపెట్టిందో, వాళ్ల పిల్లలు అదే గనిలోకి దిగితే ఆ చట్టం వాళ్లతో రాదు. మన సింగరేణిదీ అదే కథ. 1889లో ఇల్లెందులో బొగ్గు తవ్వడం మొదలైందిగానీ అది అప్పుడు నిజాం రాజ్యం. లండన్‌లో వాటాలు అమ్ముకున్న కంపెనీలకు కోలారులోనూ, ఇల్లెందులోనూ సంస్థానం పొలిమేర అడ్డురాలేదు. తెల్లదొరల చట్టానికి మాత్రం ఆ పొలిమేర పెద్ద కొండై నిలబడింది. మైసూరువారు తమ నిబంధనలేవో తాము రాసుకోవాల్సి వచ్చింది. కలకత్తాలో తనిఖీ కార్యాలయం తెరిచిన 1902లోనే శివసముద్రం నుంచి దాదాపు 150 కిలోమీటర్ల దూరం తీగ లాగి కోలారు గనులకు కరెంటు ఇచ్చారు. పక్కనున్న బెంగళూరు వీధుల్లో దీపం వెలగడానికి 1905 దాకా ఆగాల్సి వచ్చింది. కరెంటు అంత దూరం నడవగలదు. చట్టమే పాపం, నడవలేనిది.

చట్టం పనిచేసిన చోట ఎలా పనిచేసిందో చూద్దాం. గనుల బోర్డులో యజమానులు పంపినవాళ్లకు కుర్చీలు వేశారు. కూలీకి వేయలేదు. వాడు రోజంతా లోపల వంగి ఉండేవాడేగదా, కుర్చీ ఎందుకని కాబోలు. ప్రధాన ఇన్‌స్పెక్టరు ఏటా నివేదిక వేసేవాడు. అందులో చావులను తప్పు ఎవరిదో తేల్చి గడులుగా విడదీసేవారు. ఒకటి విధివశాత్తు జరిగింది. ఇంకొకటి మృతుడి తప్పు. తర్వాత తోటి పనివాడి తప్పు, మేస్త్రీ తప్పు. అన్నిటికీ అడుగున యాజమాన్యం తప్పు. శవాల్లో ఎక్కువ భాగం మొదటి రెండు గడుల్లోనే సర్దుకుపోయేవి. దేవుడూ, చచ్చినవాడూ ఇద్దరూ నోరెత్తి కాదనరు. ముద్దాయిలుగా అంతకంటే అనువైనవాళ్లు దొరకరు.

మృతుడు ఏ తప్పు చేశాడో కాస్త దగ్గరికెళ్లి చూడండి. ఆ రోజుల్లో జరియా గనుల్లో బొగ్గు నరికేవాణ్ణి మల్‌కట్టా అనేవారు. వాడు నరుకుతాడు, వాడి పెళ్లాం తట్టకెత్తి టబ్బు అనే తొట్టిబండి నింపుతుంది. గని కప్పును కర్రతో తట్టి చూడాలని వాడికి ఏ ఇన్‌స్పెక్టరూ నేర్పనక్కర్లేదు. ఖంగుమంటే గట్టిది. బోలుగా మోగితే పొర విడిపోయింది, దుంగ నిలబెట్టాలి. దుంగ తెచ్చి, కొలతకు కోసి, చీల కొట్టి బిగించేసరికి పూట గడిచిపోతుంది. కూలి మాత్రం టబ్బు లెక్కన. దుంగ నిలబెట్టినందుకు టబ్బు నిండదు. టబ్బు నిండకపోతే ఇంట్లో కుండ నిండదు. కాబట్టి వాడు బోలుగా మోగిన కప్పును ఇంకోసారి తట్టకుండా ఊరుకుని, గబగబా ఇంకో రెండు పెళ్లలు రాలుస్తాడు. కప్పు కూలుతుంది. ఇన్‌స్పెక్టరు దొర దిగొచ్చి, దుంగ లేదని కళ్లారా చూసి, మృతుడు జాగ్రత్త తీసుకోలేదని రాస్తాడు. రాసింది అబద్ధం కాదు. టబ్బు రేటు రాయడానికి నివేదికలో గడి లేదు, అంతే.

ఆడవాళ్ల సంగతి మరీ ముచ్చట. ఇంగ్లండులో ఆడవాళ్లు గని లోపలికి దిగకూడదని 1842లోనే చట్టం చేశారు. అదే దొరలకు మన దేశంలో ఆ జ్ఞానం 1929లో కలిగింది. అదీ ఒక్కసారిగా కాదు, బొగ్గు కంపెనీలకు నొప్పి తెలియకుండా పదేళ్ల వాయిదాల మీద. 1937 నాటికి ఎలాగో అందరినీ పైకి తెచ్చారు. 1943లో యుద్ధానికి బొగ్గు చాలలేదు. వెంటనే నిషేధం ఎత్తేసి, మళ్లీ 1946 దాకా దించారు. వాయిదాల మీద వచ్చిన జాలి అవసరం పడగానే వడ్డీతో సహా వెనక్కి పోయింది.

తనిఖీ కార్యాలయాన్ని 1908లోనే ధన్‌బాద్‌కు, అంటే బొగ్గు నడిబొడ్డుకు మార్చారు. దగ్గరుంటే బాగా కనిపిస్తుందని. కనిపించింది కూడా. 1916లో ఆ పక్కనే జరియా బొగ్గు అంటుకుంది, నేటికీ ఆరలేదు. 1923 జనవరిలో పర్బేలియా గనిలో 74 మంది, 1936 డిసెంబరులో పొయిదీ గనిలో 209 మంది పోయారు. నివేదికలు మాత్రం ఏ ఏడూ ఆగలేదు.

కోలారు కూలీలు ఈ తనిఖీల లెక్క మనకంటే ముందే పసిగట్టారు. 1930లో వేలిముద్రలు వేయమన్నప్పుడు కుదరదని పని ఆపేశారు. తమ వేళ్లమీద గీతలు చదవడానికి ఇంత తొందరపడే కంపెనీకి నెత్తిమీద రాతి పగుళ్లు ఎందుకు కనిపించవో వాళ్లకు తెలుసు. దేనికి ఖరీదు ఉందో దాన్నే తనిఖీ చేస్తారు.

దొరలు పోయారు. 1952లో మన చట్టం మనం రాసుకున్నాం. అయినా 2003లో గోదావరిఖనిలో గనిలోకి నీళ్లు వచ్చి 17 మంది పోయారు. కాబట్టి ఏ భద్రతా నివేదిక చేతికొచ్చినా అందులో ఎన్ని తనిఖీలు చేశారో చూసి మురిసిపోకండి. జాగ్రత్తగా పనిచేయడానికి పట్టే గంటకు కూలి ఎవరిస్తున్నారో అడగండి. ఆ గంట ఖర్చు కూలీ నెత్తిన వేసి, కప్పు కూలాక నేరం కూడా వాడి నెత్తినే వేస్తే, దాన్ని తనిఖీ అనరు, వసూలు అంటారు.