పిట్టల పద్దు

నన్ను చూసి జడుసుకోకండి. ఇప్పుడు నాతో కొట్టాలన్నా కొట్టలేరు. రబ్బరు ఎప్పుడో ఎండిపోయింది, లాగితే పుటుక్కున తెగుతుంది. జామకొమ్మ పంగ, సైకిలు ట్యూబులోంచి కోసిన రెండు పట్టీలు, వాటి మధ్య ఉండ పెట్టుకోవడానికి ఒక తోలుముక్క. ఇంతే నా ఒళ్లు. ఆ తోలు టాటా ఉక్కు కంపెనీ టిస్కోలో ఒక కార్మికుడి బూటు నాలుక. బూట్లు పాతబడి పారేసే రోజు కోసం కాచుకుని కోశాడు పిల్లాడు. 1968 వేసవి సెలవుల్లో జంషెడ్‌పూర్‌ సోనారిలో ఒక కంపెనీ క్వార్టరు పెరట్లో నేను పుట్టాను. ఇంట్లోవాళ్లు ఉండేలు అనేవారు, వీధిలో పిల్లలు గులేల్ అనేవారు. ఎలా పిలిచినా పలికాను.

నన్ను చేసినవాడికి అప్పుడు పదకొండేళ్లు. వాళ్ల నాన్న ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చి కంపెనీలో చేరిన మనిషి. ఈ ఊళ్లో శ్రీకాకుళం వైపువాళ్లకు కొదవ లేదు. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే దోముహాని సోనారి అంచునే ఉంది. పిల్లాడు అక్కడి బంకమట్టి తెచ్చి, గోలీలంత ఉండలు చుట్టి, ఎండబెట్టి, వంట అయిపోయాక బొగ్గుల పొయ్యిలో బూడిద కింద కాల్చేవాడు. గులకరాయి గాల్లో వంకర పోతుంది, ఉండ పోదు. పిల్లాడికి ఈ సంగతి ఏ మాస్టారూ చెప్పలేదు.

గురి అంటే చేతివాటం అనుకుంటారు జనం. సగం పని కళ్లదీ, మిగతా సగం ఓపికదీ. నా పంగలోంచి వాడు చూసినంత శ్రద్ధగా ఆ వయసులో పాఠ్యపుస్తకాన్ని కూడా చూసి ఉండడు. పికిలిపిట్టలు జంటగా బొప్పాయి మీదికి ఏ వేళకు వస్తాయో వాడికి తెలుసు. పసులపోలిగాడు గేదె వీపు మీద కూర్చునేది గేదె మీద ప్రేమతో కాదనీ, అది నడుస్తుంటే గడ్డిలోంచి లేచే మిడతల కోసమనీ తెలుసు. లకుముకిపిట్ట చెట్టు మీద గూడు కట్టదు, ఏటిగట్టుకు బొక్క తవ్వుకుంటుంది. ఆ బొక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్పగలిగేవాడు. విమానాల మైదానం పక్క గడ్డిలో పాలపిట్ట తీగ మీద కూర్చుంటే ముద్దలా ఉంటుందనీ, రెక్క విప్పితేనే ఆ నీలం బయటపడుతుందనీ తెలుసు. పాలపిట్టను మాత్రం ఎప్పుడూ కొట్టలేదు. దసరాకు చూడాల్సిన పిట్ట కదా! మనుషుల జాలికి కూడా పంచాంగం ఉంటుంది.

మిగతావాటిని కొట్టాడు. తప్పిపోయినవే ఎక్కువ, కాని తగిలినవీ ఉన్నాయి. ఒకసారి పికిలిపిట్ట పడింది. అరచేతిలో పెట్టుకుని చూశాడు. తల మీద నల్లటి కుచ్చు, తోక కింద కుంకుమ అద్దినట్టు ఎరుపు, కంటి మీదికి సగం దిగిన రెప్ప. మెడ ఎటు వంచితే అటు వాలుతోంది. వంటింట్లోకి పట్టుకెళ్తే నాయనమ్మ అంట్లగిన్నె కింద పడేసింది.

“ఓలమ్మా, ఇదేటిరా బాబూ! మా తేలుకుంచిలో చింతచెట్ల నిండా గుల్లకొంగలుంటాయి. వాటి మీద ఒక్కడు చెయ్యెత్తడు. అవొస్తేనే వానలు. వానలొస్తేనే నీకు కూడు.”

ఆవిడ నన్ను లాక్కుని పొయ్యిలో పెట్టింది. వాడు ఏడుస్తూ పటకారుతో బయటికి లాగాడు. నా ఎడమ కొమ్ము ఇప్పటికీ నల్లగా ఉంది, చూడండి. తేలుకుంచి ఇచ్ఛాపురం దగ్గరి ఊరు. ఇంకాస్త ఇవతల, టెక్కలి వైపు తేలినీలాపురంలో గూడబాతులకూ ఎర్రకాళ్ల కొంగలకూ పుట్టింటికొచ్చిన ఆడపిల్లలకు చేసిన మర్యాద చేస్తారు. అక్కడ చట్టం రాకముందే కట్టుబాటు ఉంది.

చట్టం 1972లో వచ్చింది, వన్యప్రాణి సంరక్షణ చట్టం. అందులో మాలాంటివాళ్లకు ఒక చిన్న వెసులుబాటు ఉండేది. కాకులు, ఎలుకలు, చుంచులు, పళ్లు తినే గబ్బిలాలు ‘హాని చేసేవి’ అనే జాబితాలో ఉండేవి, వాటిని కొడితే నేరం కాదు. 2022 సవరణతో ఆ జాబితానే ఎత్తేశారు. ఇన్నేళ్లలో ఏ పిల్లాడూ ఈ చట్టం చదివి ఉండేలు పట్టలేదు, చదివి దించనూ లేదు. మావాడు దించింది గడ్డం మొలిచాక. కంపెనీలో అప్రెంటిసు అయ్యాడు, నన్ను తలుపు వెనక మేకుకు తగిలించాడు. 1976లో ఎదురుగా కనిపించే దల్మా కొండల్ని అభయారణ్యం చేశారు. 1994లో జూబిలీ పార్కు పక్కన టాటా వాళ్ల జంతుప్రదర్శనశాల తెరుచుకుంది. ఆ రెండూ నేను మేకు మీద నుంచి విన్న వార్తలే.

మా జాతిలో పేరు తెచ్చుకున్నది ఒక ఎయిర్‌గన్. బొంబాయిలో సలీం అలీ అనే కుర్రాడికి మేనమామ ఇచ్చినది. దాంతో ఒక పిచ్చుకను కొట్టాడు. గొంతు మీద పసుపు మరక ఉంది, మామూలు పిచ్చుకకు ఉండదు. మేనమామకూ అంతుపట్టలేదు. కుర్రాణ్ని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపితే, అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ దాని పేరు చెప్పి, బీరువాల నిండా ఉన్న పిట్టల నమూనాలు తెరిచి చూపించాడు. ఆ కుర్రాడు దేశంలో పిట్టల గురించి అడగాలంటే ఈయన్నే అడగాలి అనేంతటివాడయ్యాడు. 1985లో వచ్చిన ఆయన ఆత్మకథకు కూలిన ఆ పిచ్చుకే పేరు. దీన్ని నాకు సాక్ష్యంగా వాడుకోవాలని లేదు. ఎయిర్‌గన్ పట్టిన ప్రతివాడూ సలీం అలీ కాలేదు. అరుణాచల్ ప్రదేశ్‌లో పిట్టలు కరువై 2021లో ఎయిర్‌గన్లు అప్పగించండని ఊరూరా అడగాల్సి వచ్చింది. జనం వేల సంఖ్యలో తెచ్చి ఇచ్చారు కూడా. నేను అనేది వేరు. ఆ కుర్రాడి చేతిలో చచ్చిన పిట్ట ఉంది, నోట్లో ప్రశ్న ఉంది, వెళ్తే తలుపు తీసిన మిల్లార్డ్ ఉన్నాడు. మా సోనారి పిల్లాడికి మొదటి రెండూ ఉన్నాయి.

మా సోనారి పిల్లాడు ఇప్పుడు తాత. ఇక వాడి మనవరాలి సంగతి. జువాలజీ చదువుతోంది. వీధికుక్కలకు బిస్కెట్లు వేస్తుంది, చలికాలంలో గోనెసంచులు పరుస్తుంది. కుక్క మీద ఎవడైనా రాయి విసిరితే వాడి పని అయిపోయినట్టే. తన స్నేహితులూ అంతే. మా కాలం పిల్లల్లో ఇంత దయ నేను చూడలేదు, ఒప్పుకోవాలి. 2024 డిసెంబరులో జీనత్ అనే ఆడపులి సిమిలిపాల్ నుంచి తప్పించుకుని మా జిల్లా చాకులియా అడవుల్లోకి వచ్చింది. అక్కడి నుంచి బెంగాల్‌లోకి దాటింది. నెలాఖరున బాంకుడా జిల్లాలో మత్తు ఇచ్చి పట్టుకునేదాకా ఈ పిల్ల ఫోను దించలేదు. “తాడోబాలో పుట్టింది పాపం, ఒడిశా తెచ్చి పడేస్తే ఇల్లు వెతుక్కోదా?” అని కన్నీళ్లు పెట్టుకుంది. అదే సమయంలో కిటికీ బయట తీగ మీద పసులపోలిగాడు కూర్చుని అరుస్తుంటే, “తాతా, ఆ కాకి ఏంటి అలా అరుస్తోంది?” అని అడిగింది. మేకు మీద ఉన్నాను కాబట్టి సరిపోయింది, లేకపోతే కింద పడేదాన్ని.

అమెరికాలో స్టీఫెన్ కెల్లర్ట్ అనే ప్రొఫెసరు 1980లలో పిల్లల్ని అడిగి తేల్చిన మాటలు ఒకరోజు తాతకు చదివి వినిపించింది. చిన్నతనంలో జంతువు తన అక్కర కోసమే అనుకుంటారట. పదీ పదమూడేళ్ల మధ్య దాని గురించి తెలుసుకోవాలన్న ఆత్రం పెరుగుతుందట. జంతువుల పట్ల న్యాయం, వాటికీ అడవికీ ఉన్న సంబంధం, ఇవన్నీ పదమూడు దాటాకే. “నువ్వు పదకొండులో ఉన్నావన్నమాట తాతా” అంది. తాత తల ఊపాడు. నాకు మాత్రం ఈ పిల్లలు మధ్య మెట్టు ఎక్కకుండానే పై మెట్టు మీద నిలబడ్డారేమో అనిపించింది. పుస్తకంలో పులి తెలుసు, తెరమీద పాండా తెలుసు. పెరట్లో పిట్ట తెలియదు.

మే నెలలో దల్మాలో సేంద్రా జరుగుతుంది. ఆదివాసీలు విల్లంబులు, బల్లేలతో కొండెక్కే వేట పండుగ. అటవీశాఖవాళ్లు దారుల్లో తనిఖీలు పెట్టి, పూజ చేసుకోండి, ప్రాణి జోలికి పోకండి అని చెబుతారు. మనవరాలి స్నేహితులు ఫోన్లలో ఆ వేటకెళ్లేవాళ్లను నానామాటలూ అన్నారు. ఆ స్నేహితుల్లో ఒక సంతాలీ అమ్మాయి కూడా ఉంది. “మా తాత ఏనుగు లద్దె చూసి మంద ఎప్పుడు వెళ్లిందో చెబుతాడు. మీరు ఏనుగును ఎన్నిసార్లు చూశారు?” అంది. ఎవరూ మాట్లాడలేదు. 2023 నవంబరులో ముసాబని అడవుల్లో ఐదు ఏనుగులు చచ్చిపోయింది బాణాలతో కాదు, కరెంటు తీగ తగిలి.  వేటకు వకాల్తా పుచ్చుకోవడం లేదు, నాకు ఆ అర్హత అసలే లేదు. తిట్టే ముందు బాణం తీసిన ప్రాణాలతో పాటు తీగ తీసిన ప్రాణాలూ లెక్కపెట్టాలి అంటున్నాను.

ఈమధ్య కాలేజీలో ప్రదర్శన పెడుతున్నారని పిల్ల నన్ను మేకు నుంచి దించింది. తుడిచింది. పక్కన పెట్టడానికి ఒక కార్డు రాసింది: ‘పిట్టలను చంపే ఆయుధం.’

“పిట్టలను సూసే సాధనం అని కూడా రాయే” అన్నాడు తాత.

“తాతా, చంపడానికే కదా చేశావు?”

“సంపడానికే. కాదన్నానా?”

ఆమె పెన్ను పక్కన పెట్టింది. కాసేపటికి, “సరే, ఏమేం కొట్టావు, ఎక్కడ కొట్టావు, చెప్పు” అని కరెంటు బిల్లు తిరగేసి రాసుకోవడం మొదలుపెట్టింది. తాత చెబుతున్నాడు, చోటుతో సహా. పికిలిపిట్ట, బొప్పాయి దగ్గర. గోరింక, నీళ్ల ట్యాంకు కింద. తెల్లగువ్వ, దోముహాని దారిలో. వడ్రంగిపిట్ట, తప్పిపోయింది. నల్లంచి. అక్కడ పెన్ను ఆగింది.

“నల్లంచి ఏంటి?”

“నల్లగా ఉంటది, తోక పైకెత్తి నిలబడతది.”

ఫోనులో ఒక బొమ్మ చూపించింది. “ఇదా?”

“దీనికి పొట్ట తెల్లన. అది కాదు. నా పిట్టకు తోక కిందే ఇటుకరంగు, చెట్టు కంటే రాళ్లంటేనే ఇష్టం. ఏరోడ్రం గోడ పక్కన ఉండేది.”

“ఇప్పుడుందా?”

“నాకేటి తెలుసు? నేను చూసి నలభయ్యేళ్లు దాటింది.”

“రేపు వెళ్దాం. స్కూటర్ తియ్యి.”

“ఐదింటికి లేస్తావేటి నువ్వు?”

“అలారం పెడతాను.”

“ఆ అలారానికి లేచేది నేనూ, మీ అమ్మా. ఇంకో మాట, అక్కడికెళ్లి ఫోను పైకెత్తావంటే ఎనక్కొచ్చేస్తాను. కదిలితే ఎగిరిపోద్ది.”

“సరేలే. తరవాత ఏం పిట్ట?”

“కంజు” అన్నాడు తాత. ఆమె రాసుకుంది. నా కార్డు మీద ఏం రాయాలో మాత్రం ఇంకా తేలలేదు.