పేరు లేని ఉత్తరాన్ని

నాకు ఒళ్లుంది, పేరు లేదు. ‘గౌరవనీయులైన «పేరు» గారికి’ అంటూ మొదలవుతాను. ఆ కోణపు గుర్తుల మధ్య చోటు ఎప్పుడూ ఖాళీయే. గోత్రం దగ్గరా ఖాళీయే, తిథి దగ్గరా ఖాళీయే. వాటిని నింపే జాబితా నాలో ఉండదు. అది వేరే ఫైలు, దాని చోటు వేరు. మేమిద్దరం కలిస్తేనే పోస్టుమన్ చేతికెక్కే ఉత్తరం తయారవుతుంది.

నేను పుట్టింది 2008లో, ద్వారకా తిరుమల కొండ కింద ఒక సత్రం ఆఫీసులో. శాశ్వత అన్నదానానికి విరాళమిచ్చినవాళ్లకు, వాళ్లు కోరుకున్న తిథికి నెల ముందు ఒక ఉత్తరం వెళ్తుంది. ఫలానా రోజున మీ అమ్మగారి పేరున అన్నం పెడుతున్నాం, వీలుచూసుకుని రండి అని. నాకు ముందు వాటిని గుమాస్తా గారు చేత్తోనే రాసేవారు. వైశాఖంలోనూ ఆశ్వయుజంలోనూ స్వామి కల్యాణోత్సవాలు. ఆ రోజుల్లో సత్రంలో కాలు పెట్టే చోటుండదు. ఆ హడావుడిలో ఒకటీ అరా ఉత్తరం తప్పిపోయేది. తిథి దాటాక ఎవరైనా వచ్చి “మా అమ్మ రోజు మాకు తెలియపరచలేదేవండీ?” అని అడిగితే ఆయనకు ఆ పూట ముద్ద దిగేది కాదు. పట్టుబట్టి కంప్యూటర్ కొనిపించింది అందుకే.

ఉత్తరాన్నీ జాబితానూ ఇలా కలిపే పనికి మెయిల్‌మెర్జ్ అని పేరు. ఆ పేరు నాకంటే చాలా పాతది. 1978లో వర్డ్‌స్టార్ అనే టైపింగ్ ప్రోగ్రాం వచ్చింది. దానికి తోడుగా అమ్మిన ప్రోగ్రాం పేరది. తర్వాత ఎవరు ఏ ప్రోగ్రాంలో చేసినా ఆ పనికి ఆ పేరే నిలిచింది.

ఇక్కడి గుడికి వచ్చినవాళ్లకు తెలుసు, ఒకే విమానం కింద ఇద్దరు మూలవిరాట్టులు. ద్వారక మహర్షి తపస్సుకు వెలసిన స్వామికి నడుము పైభాగమే కనిపిస్తుంది. పాదపూజ లోటు కాకూడదని రామానుజులు వెనక నిండు విగ్రహాన్ని ప్రతిష్ఠించారని చెబుతారు. ఇద్దరికీ కలిపి ఏడాదికి రెండు కల్యాణోత్సవాలు. నా సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఆ గర్భాలయమే గుర్తొస్తుంది. సగమే కనిపించేదాన్ని, తక్కిన సగం జాబితా. పోలిక తప్పయితే స్వామి మన్నించాలి.

జాబితాలో ఎవరెవరున్నారని! తాడేపల్లిగూడెం ఉల్లి వ్యాపారులున్నారు, ఏలూరు మాస్టార్లున్నారు, కొల్లేరు లంకల వాళ్లున్నారు. 2006లో కొల్లేరులో చేపల చెరువులు కొట్టేశాక పని వెతుక్కుంటూ ఊళ్లు వదిలినవాళ్ల చిరునామాలు ఎన్నిసార్లు మారాయో లెక్కలేదు. కబురందిన ప్రతిసారీ గుమాస్తా గారు ఆ గడి దిద్దారు, తిథిని మాత్రం ముట్టుకోలేదు. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడింది. ద్వారకా తిరుమల పశ్చిమ గోదావరి నుంచి, కైకలూరు కృష్ణా నుంచి అందులోకి వచ్చాయి. తాడేపల్లిగూడెం ఉన్నచోటే ఉండిపోయింది. ఆ మార్పులన్నీ జాబితా మోసింది. నా ఒంట్లో మారింది నెత్తినున్న సత్రం చిరునామాలో జిల్లా పేరొక్కటే. పిన్‌కోడ్ 534426 అలాగే ఉంది.

కొత్త కంప్యూటర్ వచ్చింది ఆ నెలలోనే. బిగించడానికి వచ్చిన కుర్రాడు డెస్క్‌టాప్ మీదున్నవీ, డి డ్రైవులో ఉన్నవీ పెన్‌డ్రైవులో ఎక్కించాడు. అందులో నేనూ వచ్చాను. పాతదాన్ని ఎవరో చదువుకునే పిల్లవాడికి ఇస్తామని పక్కకు పెట్టారు, ఫార్మాట్ చేసి ఇవ్వాలని.

నన్ను తెరవగానే తెర మీద ఒక ప్రశ్న పడుతుంది. ఎస్‌క్యూఎల్ కమాండ్ నడపాలి, డేటా తెచ్చుకోవాలి, సరేనా అని. అది తెలుగులో చెప్పాలంటే “నా జాబితాను పిలవనా?” అని అడగడమే. కాదంటే ఒంటరిగా తెరుచుకుంటాను. అలాగే సేవ్ చేస్తే జాబితాకు వెళ్లే దారి కూడా మరిచిపోతాను. గుమాస్తా గారు భయపడి రెండింటిలో ఏదీ నొక్కలేదు. ఆ భయమే మమ్మల్ని కాపాడింది. బస్టాండు దగ్గర డీటీపీ చేసే అమ్మాయికి ఫోన్ చేశారు.

ఆమె వచ్చి అవునని నొక్కింది. డేటా సోర్స్ కనబడటం లేదని వర్డ్ చెప్పింది. చాలామంది ఇక్కడే మూసేస్తారు. ఆమె మాత్రం ఆ వాక్యం చివరిదాకా చదివింది. అందులో పాత కంప్యూటర్లో జాబితా ఉండే చోటు, డ్రైవుతో ఫోల్డర్లతో సహా, పూర్తిగా రాసి ఉంది. డాక్యుమెంట్స్, దాని లోపల మై డేటా సోర్సెస్, అందులో ఎండీబీ ఫైలు.

“బాబాయి గారూ, ఈ పేర్లు ఎక్సెల్లో కొట్టారా?”

“లేదమ్మా. ఉత్తరంలోనే పెట్టె ఒకటి వచ్చింది, అందులో ఒక్కొక్కటీ కొట్టాను. ఉత్తరంలోనే ఉంటాయిగా?”

ఉండవు. వర్డ్‌లోనే కొత్త జాబితా టైపు చేసుకుంటే అది నాలో చేరదు. మై డేటా సోర్సెస్ అనే ఫోల్డర్లో విడిగా కూర్చుంటుంది. ఎవరూ ఆ ఫోల్డర్ తెరవరు, డి డ్రైవు కాపీ చేసేటప్పుడు అది గుర్తుకూ రాదు. పద్నాలుగేళ్లు ఆయన నన్ను చూసి జాబితాను కూడా చూస్తున్నాననుకున్నారు.

“పాతది ఎవరికైనా ఇచ్చేశారాండీ?”

ఆయన జవాబు చెప్పకుండా లేచి స్టోరు రూములోకి వెళ్లారు. బియ్యం బస్తాల పక్కన అది ఇంకా అక్కడే ఉంది. ఫార్మాట్ చేయాల్సిన కుర్రాడు భీమడోలు వెళ్లి తిరిగి రాలేదు.

ఆమె ఆ ఫైలు తెచ్చి నన్నూ దాన్నీ ఒకే ఫోల్డర్లో పెట్టింది. మెయిలింగ్స్‌లో సెలెక్ట్ రెసిపియెంట్స్, అందులో ఉన్న జాబితా వాడమని చెప్పి దాన్ని చూపించింది. పట్టికలో నిలువు వరసల తలపేర్లు నా ఖాళీల పేర్లతో అచ్చం సరిపోవాలి, ఒక్క అక్షరం తేడా ఉన్నా అతకదు. అతికాయి. వచ్చే నెల తిథులవాళ్లనే ఎంచే వడపోత మాత్రం మళ్లీ పెట్టాల్సి వచ్చింది. అలా కొత్తగా కలిపినప్పుడు పాత వడపోత మిగలదు.

ఇంకో చిక్కు. నా తెలుగు అను ఫాంట్లలో కొట్టింది. ఆ ఫాంట్లు లేని చోట నేను అర్థంలేని ఇంగ్లీషు గుర్తుల కుప్పలా కనిపిస్తాను. ముందు ఫాంట్లు ఎక్కించి, ఆ వారంలోనే ఖాళీ చేసుకుని నన్ను మొత్తం యూనికోడ్‌లో మళ్లీ టైపు చేసింది. ఇక ఏ కంప్యూటర్లోకి వెళ్లినా నా మాట తెలుగులోనే ఉంటుంది. డబ్బులు ఇవ్వబోతే “అన్నదానం పనికి వద్దండీ” అంది.

ప్రివ్యూ రిజల్ట్స్ నొక్కినప్పుడు నా ఖాళీలో పేర్లు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. గుమాస్తా గారు తెర దగ్గరికి వంగి ఒక్కొక్కటీ పైకి చదివారు. లంక వదిలి ఊరు మారిన ఒకాయన పేరు రాగానే ఆగారు. ఆయన తల్లి తిథి వైశాఖ బహుళ పంచమి. ఏటా భీమడోలు స్టేషన్లో రైలు దిగి, బస్సెక్కి, జేబులో నన్ను నాలుగు మడతలు పెట్టుకుని వస్తాడు. సంకల్పంలో గోత్రం, అమ్మ పేరు వినబడ్డాక నన్ను తీసి ఒకసారి చూసుకుంటాడు. చదువు రాదు. ఏ గీత దగ్గర అమ్మ పేరుంటుందో తెలుసు.

ఆ ఏడు ఉత్తరం మూడు రోజులు ఆలస్యంగా పోస్టయింది. ఆయన ఆ పంచమికి వచ్చాడు.

కంప్యూటర్ మార్చబోతున్న పెద్దలకు, అమ్మాయిలకు, అబ్బాయిలకు నా మనవి ఒకటే. పాతదాన్ని ఫార్మాట్‌కు ఇవ్వకముందే నాలాంటి ఉత్తరాన్ని ఒకసారి తెరిచి, నా జాబితా ఎక్కడుందో చూడండి. డాక్యుమెంట్స్‌లో మై డేటా సోర్సెస్ ఫోల్డర్ తప్పకుండా తెరవండి. మమ్మల్నిద్దరినీ ఒకే ఫోల్డర్లో పెట్టి తీసుకెళ్లండి, కొత్తచోట ప్రివ్యూలో పేర్లు కనబడేదాకా పాతదాన్ని కదపకండి.