జాడీ మాత్రం ఇవ్వను

నలభై ఐదు దాటిన మగవాళ్లకు ఏదో ఒక పిచ్చి పట్టకపోతేనే కంగారుపడాలి. అమెరికాలోని మా ఫ్రీమాంట్‌లో ఒకాయన తేనెటీగలు పెంచుతున్నాడు. ఇంకొకాయన చీకటితో లేచి సైకిలెక్కి ఎటో పోతున్నాడు. మా ఆయనకు వైను పట్టుకుంది. తాగడం అనుకునేరు, చేయడం. సెప్టెంబరులో లోడై తోటల నుంచి 100 పౌన్ల జిన్‌ఫాండెల్ ద్రాక్ష తెచ్చి గరాజులో దించాక, దాన్ని దేంట్లో పోయాలన్న ప్రశ్న తట్టిందాయనకు. తిన్నగా వంటింట్లోకొచ్చి పై అర వంక చూశారు. అక్కడ మా అమ్మ ఇచ్చిన ఆవకాయ జాడీ ఉంది.

"ఏమండీ, ఆ చూపు తిప్పుకోండి" అన్నాను.

"జాడీ ఉన్నది ఊరబెట్టడానికేగా? మామిడికాయైతేనేం, ద్రాక్షైతేనేం?"

నేను కెమిస్ట్రీ ఎమ్మెస్సీని. ఇన్నాళ్లకు ఆ డిగ్రీ అక్కరకొచ్చింది. ఏళ్ల తరబడి నూనే ఆవపిండీ పట్టిన జాడీ ఎన్నిసార్లు తోమినా వాసన వదలదనీ, ఆ వాసనంతా వైనుకి పడుతుందనీ చెప్పాను. పాతకాలపు జాడీల పైపూతలో సీసం ఉండొచ్చు, ద్రాక్ష పులుపుకి అది కరిగి రసంలోకి దిగుతుందనీ చెప్పాను.

"మరి ఆవకాయ పుల్లగా ఉండదా?" అన్నారు.

మంచి ప్రశ్నే. అందుకే మాట మార్చేశాను.

తర్వాత మా పెళ్లి సారెలో వచ్చిన ఇత్తడి గుండిగ మీద పడ్డారు. ఇత్తడి, రాగి, ఇనుము, అల్యూమినియం ఏవీ పనికిరావు, పులుపుకి లోహం దిగి రంగూ రుచీ చెడతాయి. స్టీలైతే భేషుగ్గా పనికొస్తుంది, కానీ మా స్టీలు బిందె మూతి ఇరుకు. మూతి ఇరుకైతే ఏమవుతుందంటారా? అక్కడే ఉంది తిరకాసంతా. ఎర్ర వైనుకి ఒక పాత్ర చాలదు, రెండు కావాలి. ఆ రెండింటి గుణాలకీ ఒకదానికొకటి పడదు.

మొదటిదానికి మూతి వెడల్పుండాలి, పైన మూడోవంతు ఖాళీ ఉండాలి. చిదిపిన ద్రాక్షలో ఈస్టు పడ్డ రెండో రోజుకల్లా తొక్కలన్నీ పైకి తేలి మందంగా అట్ట కడతాయి. ఉదయం సాయంత్రం దాన్ని కిందికి నొక్కాలి. నొక్కినప్పుడు అట్ట పగిలి, ఊదారంగు నురగ బుసబుసా పొంగి గరిట పట్టిన చేతిని మణికట్టు దాకా ముంచుతుంది. చక్కెరలో దాదాపు సగం బరువు బొగ్గుపులుసు వాయువైపోతుంది మరి. లీటరు రసం నుంచి 50 లీటర్లకు పైగానే వస్తుంది. ఆ గాలికి దారి లేకుండా మూత బిగిస్తే డబ్బా పేలుతుంది. కాబట్టి గరాజు తలుపు తీసిపెట్టాలి, డబ్బా మీద గుడ్డ కప్పితే చాలు.

రెండోది దీనికి పూర్తిగా వ్యతిరేకం. పొంగు తగ్గి, తొక్కలు పిండేశాక వైనుకి గాలి శత్రువు. గాలి తగిలిందా, ఏడాది తిరిగేసరికి వెనిగరు. అందుకని సన్న మెడ గాజు కార్బాయ్‌లో మెడ దాకా నింపి, నీళ్లు పోసిన ఎయిర్‌లాక్ బిగిస్తారు. లోపలి గాలి బుడుక్కుమని బయటికి పోతుంది, బయటిది లోపలికి రాదు.

ఇదంతా విన్నాక మా ఆయన పెయింటు డబ్బా పట్టుకొచ్చారు. హార్డ్‌వేరు షాపులో బక్కెట్లన్నీ ఒకలాగే కనిపిస్తాయి, తిండికి పనికొచ్చేవి వేరే. అదీ వెనక్కిచ్చేశాం. ఆ రాత్రి ఆయన జార్జియా దేశం గురించి చదివారు. అక్కడ క్వెవ్రీ అనే పెద్ద మట్టి బానను, లోపల తేనెమైనం పూసి, నేలలో మెడ దాకా పాతి వైను చేస్తారు. ఆ పద్ధతిని 2013లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. పొద్దున్నే పెరట్లో పార పట్టుకుని నిలబడ్డారు. మా కాలనీ సంఘం వాళ్లు గడ్డి రెండంగుళాలు పెరిగితేనే ఉత్తరం రాస్తారు, బాన పాతితే ఊరుకుంటారా అని గుర్తుచేశాను. పార లోపలికెళ్లింది.

నిజానికి పాత్ర మహిమ తెలుసుకోడానికి జార్జియా దాకా పోనక్కర్లేదు. మన గీత కార్మికుణ్ణి అడిగితే చాలు. కుండ లోపల సున్నం పూసి కడితే నీరా తియ్యగా నిలుస్తుంది. పాత కల్లు కుండే కడితే, దానికంటుకున్న ఈస్టుతో చెట్టు మీదుండగానే పులవడం మొదలవుతుంది. చెట్టూ అదే, గీతా అదే. అమెరికావాళ్లకూ ఇది తెలుసు. 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం ఉన్న రోజుల్లో ద్రాక్షరసాన్ని ఇటుకల్లా గట్టిపరిచి అమ్మేవాళ్లు. నీళ్లలో కలిపి, జగ్గులో పోసి, అల్మారాలో 20 రోజులు ఉంచకండి, వైనైపోతుంది సుమా అని పైన హెచ్చరిక. ఇంత చక్కటి వంటల పుస్తకం నేను చూడలేదు!

ఇప్పుడు చట్టం ఉదారంగానే ఉంది. అమ్మకుండా, ఇంటి వాడకానికి ఏడాదికి ఒక్కరున్న ఇంట్లో 100 గాలన్లు, ఇద్దరు పెద్దవాళ్లుంటే 200 గాలన్లు చేసుకోవచ్చు. అంటే నా పేర ఒక 100 గాలన్లు ఉన్నాయి. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి మా ఆయన నన్ను మహా గౌరవంగా చూస్తున్నారు. మూడో మనిషి వచ్చినా కోటా పెరగదు కాబట్టి, వాళ్లమ్మగారిని పిలిపించే మాట మాత్రం ఎత్తలేదు.

చివరికి తిండికి పనికొచ్చే తెల్ల ప్లాస్టిక్ డబ్బాలు రెండు, 6 గాలన్ల కార్బాయ్ ఒకటి కొన్నాం. నిండిన కార్బాయ్ దాదాపు 30 కిలోలుంటుంది. తడిచేత్తో ముట్టుకోవద్దు, మెడ పట్టుకుని అస్సలు ఎత్తొద్దు. గాజు పగిలితే కుట్లే. వెలుతురు పడకుండా మా ఆయన పాత లుంగీ చుట్టాం.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా తీర్పు ఇదే: మొదటి పొంగుకి వెడల్పు ప్లాస్టిక్ డబ్బా, తర్వాత గాజు. ఓక్ పీపాల జోలికి మొదటేడు పోకండి. ఇక తెలుగు రాష్ట్రాల్లో ఇది చదువుతున్నవారికి మనవి: అక్కడ లైసెన్సు లేకుండా ఇంట్లో వైను చేయడం ఎక్సైజు నేరం. మీరు హాయిగా ఆవకాయ పెట్టుకోండి, వీలైతే మాకూ ఒక సీసా పంపండి.